గుప్పెడు బియ్యంతో నిలిచిన బడి

జూన్ నెల వచ్చిందంటే మన విచారణల్లో రెండు ప్రశ్నలు వినబడతాయి. మొదటిది తల్లిదండ్రులది: ఈ ఏడు పిల్లవాడిని ఏ బడిలో వేయాలి? రెండోది విచారణ పెద్దలది: మన బడిని ఈ ఏడు కూడా నడపగలమా? మొదటి ప్రశ్న ప్రతి ఇంట్లో చర్చకు వస్తుంది. రెండోది మాత్రం గురువుల బంగళాలో నలుగురైదుగురి మధ్య మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ తర్వాత ఒక ఆదివారం పూజ చివర ప్రకటనల్లో "వచ్చే ఏడాది నుంచి బడి ఉండదు" అనో, "ఇకనుంచి ఫీజు ఇంత" అనో విని సంఘం ఇంటికి వెళుతుంది.

బడి మూయాలా, నడపాలా, మార్చాలా అన్నది ఒక్కో విచారణ పరిస్థితిని బట్టి తేలవలసిన విషయం. దూరాన కూర్చున్న మేము దానికి తీర్పు చెప్పలేము. అయితే అసలు విచారణ బడి అంటే ఏమిటి, అది ఎందుకు పుట్టింది, ఎవరి సొమ్ముతో నిలిచింది, దాని విలువలు ఏమిటి అన్న సంగతులు తెలియకుండా ఆ నిర్ణయం తీసుకోవడం మంచిది కాదని మాత్రం చెప్పగలం. ఈ వారం ఆ సంగతులే మీ ముందు ఉంచుతున్నాము.

విచారణ బడి అంటే ఏది?

పట్టణాల్లో మనకు కనబడే పెద్ద కాన్వెంట్లు, బోర్డింగు స్కూళ్లు చాలావరకు మఠసభలు నడిపేవి. వాటికి తమ సొంత యాజమాన్యం, తమ సొంత నిధులు, తమ సొంత నియమాలు ఉంటాయి. విచారణ బడి వేరు. ఒక గుడి చుట్టూ ఉన్న విశ్వాసుల సంఘమే విచారణ. ఇతర సంఘాల సోదరులు పాస్టరేటు అని పిలిచేదానికి ఇది దగ్గరి మాట. ఆ సంఘం తన పిల్లల కోసం, తన ఊరి పిల్లల కోసం గుడి ఆవరణలోనో, పక్క స్థలంలోనో నడుపుకొనే బడి విచారణ బడి. దానికి విచారణ గురువులు కరస్పాండెంటుగా ఉండవచ్చు, సిస్టర్లు ప్రధానోపాధ్యాయులుగా ఉండవచ్చు, స్థలం మేత్రాసనం పేరున ఉండవచ్చు. కానీ ఆ బడి భారం, ఆ బడి బాధ్యత సంఘానివి.

ఇది మేము కల్పించి చెబుతున్న మాట కాదు. 1983లో వెలువడిన శ్రీసభ చట్టం 800వ నియమం కథోలిక బడులను స్థాపించడానికీ నిలబెట్టడానికీ విశ్వాసులు తమ శక్తికొద్దీ తోడ్పడాలని చెబుతోంది. 806వ నియమం మరో అడుగు ముందుకు వేసి, కథోలిక బడిలో చదువు ఆ ప్రాంతంలోని ఇతర బడుల చదువుకు కనీసం సమానంగా ఉండాలని కోరుతోంది. అంటే "మన బడి కదా, ఎలా ఉన్నా సర్దుకుపోదాం" అనడానికి శ్రీసభ చట్టంలోనే చోటు లేదు. "చదువు బాగుండాలంటే పేదలను వదులుకోక తప్పదు" అనడానికీ చోటు లేదు. ఎందుకో తెలియాలంటే ఈ బడి పుట్టుక తెలియాలి.

ఇద్దరు వితంతువులు, ఒక గురువు

విచారణ బడి చరిత్రలో గొప్ప భవనాల కంటే ముందు మనకు కనబడేది మనుషులు. అందులోనూ లోకం దృష్టిలో బలహీనులు.

అమెరికాలో కథోలిక బడుల చరిత్ర చెప్పేవారు పునీతురాలు ఎలిజబెత్ ఆన్ సీటన్ పేరుతో మొదలుపెడతారు. 1774లో న్యూయార్కులో ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టిన ఆమె 1803లో భర్తను పోగొట్టుకున్నారు. అప్పటికి ఐదుగురు పిల్లలు. 1805లో కథోలిక సభలో చేరినందుకు బంధువర్గంలో చాలామంది దూరమయ్యారు. 1809లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఎమిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి చేరి, 1810లో అక్కడ పేద బాలికలకు ఫీజు లేని బడి తెరిచారు. కొద్దికాలానికే ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలను కూడా చేర్చుకున్నారు. వారు కట్టిన సొమ్ము కట్టలేనివారి చదువుకు ఆసరా అయ్యింది. ఈ ఏర్పాటును గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాము.

ఆ తర్వాత ఫిలడెల్ఫియా మేత్రాణులుగా 1852లో బాధ్యత తీసుకున్న పునీత జాన్ న్యూమన్ విడివిడిగా ఉన్న విచారణ బడులను మేత్రాసనం మొత్తానికీ ఒక వ్యవస్థగా కూర్చారు. 1884లో బాల్టిమోరులో జరిగిన అమెరికా మేత్రాణుల మహాసభ, ప్రతి గుడి పక్కన రెండేళ్లలో బడి ఉండి తీరాలని నిర్ణయించింది. వలస వచ్చిన ఐరిష్, జర్మన్, ఇటాలియన్, పోలిష్ కూలీల పిల్లలే ఆ బడుల్లో ఎక్కువ. గుడికంటే ముందు బడి కట్టుకొని, అదే గదిలో ఆదివారం పూజ చేసుకున్న విచారణలూ ఉన్నాయి.

మన దేశానికి వస్తే, కేరళలో పునీత కురియాకోస్ ఎలియాస్ చావర ఉన్నారు. 1846లోనే మాన్నానంలో సంస్కృత పాఠశాల పెట్టి, కులంతో నిమిత్తం లేకుండా పిల్లలను చేర్చుకున్నారు. సిరియన్ కథోలికులకు వికార్ జనరల్‌గా ఉన్న రోజుల్లో, 1864లో, ప్రతి గుడికీ ఒక బడి ఉండాలని ఆదేశించారు. మలయాళంలో చర్చిని పల్లి అంటారు, బడిని పల్లిక్కూడం అంటారు. ఆ రెండు మాటలనూ ఆయన ఒకే ఆవరణలోకి తెచ్చారు. ఆకలితో వచ్చిన పిల్లవాడికి అక్షరం ఎక్కదని గ్రహించి, బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టే ఏర్పాటు కూడా చేశారు. ఆ అన్నానికి బియ్యం ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చెబుతాము.

ఇక మన తెలుగు తల్లి గురించి. దైవసేవకురాలు జ్ఞానమ్మ 1822లో గుంటూరు సీమలోని ఫిరంగిపురం ప్రాంతంలో పుట్టారు. భర్త ఇన్నయ్య ఉపాధ్యాయుడు. ఐదుగురు కుమారులు. ఆ కుటుంబం మద్రాసుకు చేరువలోని కీళచ్చేరి అనే పల్లెకు చేరింది. 1859లో భర్త మరణించారు. ఆనాటి సమాజంలో వితంతువు బతుకు ఎలా ఉండేదో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ముఖం చూస్తే అపశకునం అనుకునే రోజుల్లో, ఆడపిల్లకు చదువెందుకు అనే రోజుల్లో, జ్ఞానమ్మ 1863లో ఆ పల్లెలో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. 1874 డిసెంబరు 21న ఆమె కన్నుమూశారు. మద్రాసులోనూ ఫిరంగిపురంలోనూ ఉన్న పునీత అన్నమ్మగారి సిస్టర్ల సభలు రెండూ ఆమెను తమ మూలమాతగా గౌరవిస్తాయి. 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది.

ఎమిట్స్‌బర్గ్‌కీ కీళచ్చేరికీ మధ్య సముద్రాలు ఉన్నాయి. ఆ ఇద్దరు తల్లులకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండే అవకాశం లేదు. అయినా ఇద్దరూ చేసిన పని ఒకటే. ఎవరూ పట్టించుకోని పిల్లలను పిలిచి కూర్చోబెట్టారు.

మన పల్లెల్లో బడి ఎలా నిలిచింది?

తెలుగునాట పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మిషనరీలు బడుల పనిని విస్తరించారు. 1855 నుంచి మిలాను మిషనరీలు హైదరాబాదు, కృష్ణా ప్రాంతాల్లో, 1875 నుంచి మిల్‌హిల్ గురువులు నెల్లూరు, గుంటూరు వైపు పనిచేశారు. 1904లో జేఎంజే సిస్టర్లు హాలండు నుంచి గుంటూరు వచ్చి ఆడపిల్లల చదువుకు పునాది వేశారు. ఇతర సంఘాల కృషినీ ఇక్కడ తలుచుకోవాలి. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ హెయ్యర్ కూడా బడులతోనే పని మొదలుపెట్టారు.

అయితే మిషనరీల పేర్లు చెప్పి ఆగిపోతే చరిత్ర సగమే అవుతుంది. పల్లెలో బడిని రోజూ నడిపింది ఉపదేశి. ఉదయం సత్యోపదేశం, పగలు అక్షరాలు, లెక్కలు, సాయంత్రం జపమాల, రాత్రి కూలిపని నుంచి తిరిగి వచ్చిన పెద్దవారికి లాంతరు వెలుగులో ఓనమాలు. గుడి, బడి ఒకే పాక కింద ఉండేవి. ఆదివారం అది గుడి, సోమవారం అది బడి. గోడకు మట్టి పూసింది, తాటాకు కప్పింది, వానకు కారితే మళ్లీ కప్పింది విచారణ జనమే.

ఆ పాకలో కూర్చున్న పిల్లల్లో చాలామంది తండ్రులు ఊరి బడి గడప తొక్కలేదు. తొక్కనివ్వలేదు అనడం సరైన మాట. మాల, మాదిగ పిల్లలను ఊరి బడిలో చేర్చుకోని చోట్ల, చేర్చుకున్నా అరుగు కింద కూర్చోబెట్టిన చోట్ల, విచారణ బడి వారికి పలక ఇచ్చి లోపల కూర్చోబెట్టింది. తన పేరు తాను రాసుకోవడం, వడ్డీ లెక్క తాను చూసుకోవడం, వేలిముద్ర వేయమన్న కాగితాన్ని ముందు చదవడం ఎంత పెద్ద మార్పో ఈనాటి మనకు ఊహించడం కష్టం. ఒక తరంలో ఉపదేశి, రెండో తరంలో టీచరో నర్సో, మూడో తరంలో ఉద్యోగి. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల చరిత్ర ఈ మూడు మెట్లలోనే ఉంది.

దీనికంతటికీ సొమ్ము ఎక్కడిది? విదేశాల నుంచి విరాళాలు వచ్చిన మాట నిజం. ప్రభుత్వం గుర్తించిన బడులకు తర్వాతి రోజుల్లో గ్రాంటు కూడా వచ్చింది. కానీ రోజువారీ బతుకు గుప్పెడు బియ్యం మీద నడిచింది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేసేది. వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి చేరేది. కేరళలో చావరవారు బడి పిల్లల అన్నానికి వాడుకున్నది ఈ పద్ధతినే. అక్కడ దాన్ని పిడియరి అంటారు, పిడికెడు బియ్యం అని అర్థం. మన తెలుగు సంఘాల్లోనూ గుప్పెడు బియ్యం తెలియని ఇల్లు ఉండేది కాదు. తన కంచంలోది తగ్గించి ఇచ్చిన ఆ తల్లిని చూస్తే, దేవాలయపు కానుకపెట్టెలో రెండు చిన్న నాణేలు వేసిన విధవరాలిని ప్రభువు ఎందుకు మెచ్చుకున్నారో అర్థమవుతుంది.

విచారణ బడికి ఇది తొలి పాఠం. ఇచ్చినవారు పేదలు, పొందినవారూ పేదలు. కనుక ఆ బడి మీద మొదటి హక్కు పేదలదే.

ఆ బడి నేర్పిన విలువలు

బడి గోడ మీద రాసే నినాదాలను విలువలు అనుకుంటాము. గోడ మీద ఏమి రాశారో కంటే లోపల ఏమి జరుగుతుందో చూడాలి. రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్య మీద ఒక ప్రకటన వెలువరించింది. దాని వెలుగులో విచారణ బడి విలువలను నాలుగుగా చెప్పుకోవచ్చు.

మొదటిది, పిల్లవాడికి తొలి గురువులు తల్లిదండ్రులే. బడి వారికి తోడు మాత్రమే. చిన్న విచారణ బడికి ఇక్కడ ఒక వరం ఉంది. టీచరుకు పిల్లవాడి పేరే కాదు, తల్లి పేరు, తాత పేరు, ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు వలస పోయారో కూడా తెలుస్తుంది. రెండు రోజులు పిల్ల బడికి రాకపోతే మూడోరోజు ఎవరో ఒకరు ఇంటికి వెళతారు. వెయ్యిమంది ఉన్న బడిలో ఆ పని యంత్రానికి అప్పగించి, ఫోనుకు సందేశం పంపుతారు. సందేశం వేరు, గడప దగ్గర నిలబడి "అమ్మా, పిల్లకు ఏమైంది?" అని అడగడం వేరు.

రెండోది, ఒకే బెంచి. పేదరికంలో ఉన్నవారు, ఇంటి ఆదరణ లేనివారు, విశ్వాసానికి వెలుపల ఉన్నవారు శ్రీసభ బడుల్లో ప్రత్యేకమైన శ్రద్ధకు పాత్రులని ఆ మహాసభ ప్రకటన చెబుతోంది. యూనిఫారం ఒకటైనంత మాత్రాన బెంచి ఒకటైపోదు. ఫీజు బాకీ ఉన్న పిల్లవాడిని తరగతిలో నిలబెట్టి పేరు చదివితే ఆ రోజుతో ఆ బెంచి రెండవుతుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో కులం చూసి సర్దితే అక్కడా రెండవుతుంది. మన గుళ్లలోనూ శ్మశానాల్లోనూ ఇంకా పూర్తిగా చెరగని గీత ఒకటి ఉంది. ఆ గీతను తుడిచే చోటు చిన్నపిల్లల బెంచి.

మూడోది, విశ్వాసాన్ని అందించడం, రుద్దకపోవడం. కథోలిక పిల్లలకు సత్యోపదేశం విచారణ బడి ప్రాణం. అది లేకపోతే ఆ బడి పేరులో మాత్రమే పునీతులు మిగులుతారు. అదే సమయంలో మన బడుల్లో హిందూ, ముస్లిం పిల్లలు కూడా చదువుతారు. రాజ్యాంగం 28వ అధికరణం మూడో భాగం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న బడిలో మతబోధకు హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు, మైనరు పిల్లల విషయంలో సంరక్షకుల సమ్మతి ఉండాలి. మంచి బడులు ఆ గంటలో ఇతర మతాల పిల్లలకు నీతిబోధ పెట్టాయి. ఇది చట్టానికి భయపడి చేసే సర్దుబాటు కాదు. ప్రభువు ఎవరినీ బలవంతంగా వెంట తిప్పుకోలేదు. బడి వాతావరణంలోనే సువార్త ప్రేమ, స్వేచ్ఛ కనబడాలని మహాసభ కోరింది. అబద్ధం చెప్పని టీచరు, కొట్టని టీచరు, మార్కుల కోసం చూచిరాతను సాగనివ్వని ప్రధానోపాధ్యాయురాలు ఉన్నచోట ఆ బోధ మాట లేకుండానే అందుతుంది.

నాలుగోది, టీచరు పని ఒక పిలుపు. కథోలిక బడి లక్ష్యం నెరవేరడం దాదాపుగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడుతుందని మహాసభ చెప్పింది. పిలుపు అన్న మాటను జీతం తగ్గించడానికి వాడుకోకూడదు. సేవ అనే పేరుతో కూలి కంటే తక్కువ ఇచ్చి, వేసవి సెలవుల్లో అదీ ఆపేసి, ఆ టీచరు పిల్లలకు న్యాయం నేర్పాలని ఆశించడం న్యాయం కాదు. పనివాడు తన జీతానికి అర్హుడన్నది ప్రభువు బోధే.

సముద్రం అవతలి నుంచి ఒక హెచ్చరిక

ఈ బడులు ఎలా పెరుగుతాయో చెప్పిన అమెరికా చరిత్రే అవి ఎలా తరుగుతాయో కూడా చెబుతోంది. 1922లో ఆరెగాన్ రాష్ట్రం పిల్లలందరూ ప్రభుత్వ బడులకే వెళ్లాలని చట్టం చేసింది. బడి నడుపుతున్న సిస్టర్లు కోర్టుకు వెళ్లారు. 1925లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసి, పిల్లల చదువును ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదని తేల్చింది. అంటే చట్టం ఎదురు తిరిగినప్పుడు ఆ బడులు నిలబడ్డాయి.

1960ల మొదటి సగంలో అమెరికా కథోలిక బడుల్లో 52 లక్షలకు పైగా పిల్లలు, దాదాపు 13 వేల బడులు ఉండేవి. నేడు పిల్లలు సుమారు 17 లక్షలు, బడులు ఆరు వేల లోపు. ఏ చట్టమూ వాటిని మూయలేదు. మఠజీవితానికి పిలుపులు తగ్గాయి. జీతం లేకుండా పనిచేసిన సిస్టర్ల స్థానంలో జీతం ఇవ్వవలసిన ఉపాధ్యాయులు వచ్చారు. ఖర్చు పెరిగింది, దాన్ని ఫీజులో వేశారు. కూలీల పిల్లల కోసం పుట్టిన బడి కూలీల పిల్లలకు అందని బడి అయింది. కుటుంబాలు నగరం నడిబొడ్డు నుంచి శివార్లకు తరలిపోయాయి. పాత విచారణల్లో గుళ్లు మిగిలాయి, బడులు మూతపడ్డాయి.

ఈ కథ మనకు తెలిసినట్టే అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు.

ఈ రోజు మన ముందున్నది

మన ఎయిడెడ్ బడుల్లో మంజూరైన ఉపాధ్యాయ పోస్టులకు జీతం ప్రభుత్వం ఇస్తుంది. కానీ ఒక టీచరు రిటైరైతే ఆ ఖాళీ ఏళ్ల తరబడి నిండడం లేదు. ఆరుగురు ఉండవలసిన చోట ఇద్దరు మిగులుతారు. టీచర్లు లేరని పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గారని పోస్టులు పోతాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ విద్యాసంస్థలను ప్రభుత్వానికి అప్పగించాలా, ఎయిడు వదులుకొని ప్రైవేటుగా నడుపుకోవాలా అన్న ప్రశ్న ఒక్కసారిగా ముందుకు వచ్చింది. నిరసనలు వచ్చాక బలవంతం లేదని ప్రభుత్వం చెప్పింది. ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఇంకో వైపు ఇంగ్లీషు మీడియం ఒత్తిడి. కూలి చేసుకునే తల్లి కూడా అప్పు చేసి, పసుపు బస్సు ఎక్కించి పిల్లవాడిని పట్టణం పంపుతోంది. ఆమెను తప్పుపట్టకూడదు. ఆమె తన బిడ్డకు మంచి కోరుతోంది. మన బడి ఆమెకు ఏమి ఇవ్వగలదో చెప్పవలసిన బాధ్యత మనది.

చట్టం మాట ఒకటి. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ ఇష్టప్రకారం విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎయిడు లేని ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని తీర్పు ఇచ్చింది. 2025లో అదే కోర్టులో మరో ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం తెలిపి, పెద్ద ధర్మాసనం పరిశీలించాలని సూచించింది. కోర్టులో చివరకు ఏమి తేలినా, మన మనస్సాక్షి ముందు ప్రశ్న మిగిలే ఉంటుంది. పేద పిల్లవాడికి చోటు ఇవ్వమని చట్టం మనను బలవంతపెట్టనప్పుడు, మనంతట మనం ఎంత చోటు ఇస్తున్నాం? మన హక్కును మనం వాడుకునే తీరే దానికి సాక్ష్యం.

ఈ ప్రశ్న మన సంఘాలకు మరీ దగ్గరిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సి కింద ఉన్నారు, ఆ రిజర్వేషను ఒక శాతం. ఎస్సీ హోదాతో వచ్చే హక్కులన్నీ వారికి అందవు. ప్రభుత్వం చేయి అందించని చోట విచారణ కూడా చేయి వెనక్కి తీసుకుంటే ఆ పిల్లవాడు ఎటు పోవాలి?

సంఘంగా మనం చేయగలిగినవి

బడిని నిలబెట్టడం గురువులదీ సిస్టర్లదీ మాత్రమే అనుకుంటే పైన చెప్పిన చరిత్రంతా మరిచినట్టే. ప్రతి విచారణకూ ఆర్థిక సలహా సంఘం ఉండాలని శ్రీసభ చట్టం 537వ నియమం చెబుతోంది. బడి జమాఖర్చులు ఆ సంఘం ముందుకు వచ్చి, ఏడాదికొకసారి విచారణ అంతటికీ తెలియాలి. ఎంత లోటు ఉందో తెలిసిన సంఘం ముందుకు వస్తుంది. తెలియని సంఘం పుకార్లు మాట్లాడుకుంటుంది.

సీటన్ అమ్మగారి ఏర్పాటు ఇక్కడ పనికి వస్తుంది. కట్టగలిగినవారి దగ్గర తగిన ఫీజు తీసుకొని, కట్టలేనివారికి ఎన్ని సీట్లు ఉంటాయో ముందే నిర్ణయించి ప్రకటించాలి. ఎవరు కడుతున్నారో ఎవరు కట్టడం లేదో ఆఫీసు పుస్తకానికి తప్ప తరగతి గదికి తెలియకూడదు.

పాత విద్యార్థులు మన పెద్ద బలం. ఆ బడిలో చదివి హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫులో, అమెరికాలో స్థిరపడినవారు ఉన్నారు. ఊరి పండుగకు వచ్చినప్పుడు గుడికి కొత్త గంటో, కొత్త తోరణమో ఇస్తారు. ఒక టీచరు జీతం ఏడాదిపాటు భరించమని వారిని అడగండి. గంట మీద పేరు చెక్కినట్టు టీచరు మీద చెక్కలేము. కానీ ఆ టీచరు దగ్గర చదివిన పిల్లల బతుకులో అది ఉంటుంది.

గుప్పెడు బియ్యాన్ని మళ్లీ మొదలుపెట్టవచ్చు. బియ్యంగానే ఉండనక్కరలేదు. ఇంటింటికీ ఒక చిన్న డబ్బా చాలు. అందులో పడే సొమ్ము కంటే, ఆ డబ్బా ఉన్న ఇల్లు బడిని తనది అనుకోవడం ముఖ్యం. రిటైరైన టీచర్లు సాయంత్రం గంటసేపు చదువు చెప్పవచ్చు. యువజనులు ఒక శనివారం గోడలకు సున్నం వేయవచ్చు. తల్లులు నెలకొకసారి బడికి వెళ్లి మరుగుదొడ్లు, మంచినీళ్లు ఎలా ఉన్నాయో చూసి అడగవచ్చు.

ఇవన్నీ చేసినా కొన్ని బడులు నిలవకపోవచ్చు. ఊళ్లోనే పిల్లలు లేనప్పుడు గోడలను పట్టుకొని ఉండలేము. అప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. సంఘాన్ని కూర్చోబెట్టి చెప్పాలి. ఉన్న చివరి పిల్లవాడు ఏ బడిలో చేరతాడో చూసి, చేర్పించి, ఆ తర్వాతే తాళం వేయాలి. ఆ స్థలం అద్దె గదులుగా మారేముందు రాత్రి బడిగానో, ట్యూషన్ కేంద్రంగానో, చదువుకునే పిల్లలకు లైబ్రరీగానో ఉపయోగపడుతుందేమో ఆలోచించాలి. బడి పోయినా పిల్లల పట్ల విచారణకు ఉన్న బాధ్యత పోదు.

ప్రభువు ఐదువేలమందికి ఆహారం పెట్టిన రోజున, ఐదు రొట్టెలు, రెండు చేపలు ఇచ్చింది ఒక చిన్న కుర్రవాడని యోహాను సువార్త చెబుతోంది. అంతమంది పెద్దలున్న చోట ఆ పిల్లవాడు తన మూట విప్పాడు. మన విచారణ బడిలో ఈ జూన్‌లో కూర్చోబోయే పిల్లల్లో అలాంటివాడు ఎవరో మనకు తెలియదు. వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఇంటికి వెళ్లేముందు, ఒక్కసారి బడి వైపు నడిచి, ఈ ఏడు ఎంతమంది చేరారో, ఎంతమంది టీచర్లు ఉన్నారో, ఏమి తక్కువైందో విచారణ గురువులను అడిగి తెలుసుకోవలసిందిగా పాఠకులందరినీ కోరుతున్నాము.